విలాపవాక్యాల క్యాసెట్

ప్రకాశానికి తన చెవుల మీద ఉన్నంత నమ్మకం తన కళ్ల మీద కూడా లేదు. కళ్లకు అద్దాలు కావాల్సి వచ్చింది గానీ చెవులకు ఇంతవరకు ఏ రిపేరూ రాలేదని పదిమందిలో చెప్పుకునేవాడు. బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్ ఉద్యోగం. ఇంజన్ స్టార్టు చేయగానే జబ్బు ఎక్కడుందో దూరం నుంచే చెప్పేసేవాడు. సగం సార్లు ఆ జబ్బు ఇంకెక్కడో ఉండేది. ఆ సంగతి మాత్రం పదిమందిలో చెప్పుకునేవాడు కాదు. మాండలిన్ వాయిస్తాడు కాబట్టి సంగీతం విషయంలో గౌలిపురలో తన మాటకు తిరుగులేదని అతని ఉద్దేశం. గౌలిపుర ఉద్దేశం ఏమిటో అతను ఎన్నడూ అడగలేదు.

అలాంటి మనిషికి ఎనభైల మొదట్లో ఒక ఏడాది పాటు సంగీతం చేదెక్కింది. కారణం అతని వియ్యంకుడు ఇస్సాకు.

ఇస్సాకు వియ్యంకుడు కాకముందు దోస్తు. ఉండేది ఫలక్‌నుమాలో. సొంతంగా పెళ్లి బ్యాండు నడుపుతాడు, క్లారినెట్ వాయిస్తాడు. ఊరేగింపులో ప్రకాశం అతని పక్కన డ్రమ్ము కొట్టేవాడు. పందిట్లో కూర్చున్నాక డ్రమ్ము పక్కన పెట్టి మాండలిన్ తీసేవాడు. ఆదివారం చర్చిలోనూ ఆ ఇద్దరే. మాండలిన్ ఒక మాట అంటే క్లారినెట్ జవాబు చెప్పేది, క్లారినెట్ అలిసిపోతే మాండలిన్ అందుకునేది. ఇంట్లో పెళ్లాలతో కూడా ఇద్దరికీ అంత మాటా మంతీ కుదరలేదు.

పెళ్లిళ్లలో బ్యాండువాళ్లది ఎప్పుడూ ఆఖరి పంక్తి. చుట్టాలు తిని, చుట్టాల చుట్టాలు తిని, వంటవాళ్లు చేతులు కడుక్కోబోయే వేళకు వీళ్లకు విస్తళ్లు పడేవి. ప్రకాశం ముందుగా పోయి పక్కపక్కన రెండు విస్తళ్లు ఆపి, "అరే ఇస్సాకూ, రార, మన పంక్తి వడ్డది" అని కేకేసేవాడు. ఏళ్ల తరబడి అదే కేక. అలా అడుగంటిన బగారన్నం ముందు కూర్చునే, తన కూతురు సలోమిని ఇస్సాకు కొడుక్కి ఇస్తానని మాట కూడా ఇచ్చాడు.

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. భోజనాల దగ్గర ప్రకాశం నోరు కొంప ముంచింది. మొదటి పంక్తికి పెళ్లికొడుకు తండ్రిని పెళ్లికూతురి తండ్రి స్వయంగా చేయి పట్టి తీసుకెళ్లాలి. ఇస్సాకు కొత్త కోటు వేసుకుని, జహీరాబాద్ నుంచి వచ్చిన అన్నదమ్ములను వెంటబెట్టుకుని, ఆ పిలుపు కోసమే నిలబడ్డాడు. వంటల దగ్గర నుంచి చెమటలు కక్కుకుంటూ వచ్చిన ప్రకాశానికి కోటు కనబడలేదు. పాత ఇస్సాకే కనబడ్డాడు. అలవాటుగా నోరు దానంతటదే తెరుచుకుంది.

"అరే ఇస్సాకూ, జర ఆగుర. మనది ఆఖరి పంక్తి గదా."

జహీరాబాద్ అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు ఇస్సాకు ఏ పంక్తిలోనూ తినలేదు. ప్రకాశం మాత్రం ఆఖరి పంక్తిలో తన పక్కన ఒక విస్తరి వేయించి, ఆ విస్తరి అట్లాగే ఖాళీగా ఉండగా తన విస్తరి ఖాళీ చేశాడు. పొద్దున్నుంచి తిరిగి తిరిగి ఉన్నాడు మరి, ఆకలి దంచేసింది.

మర్నాటి నుంచి మాటల్లేవు. "పోయి ఒక్క మాట చెప్పరాదు, తప్పయిందని" అని భార్య కృష్ణమ్మ పోరు పెట్టింది.

"తప్పేంది అండ్ల? నా పక్కన జాగ పెట్టిన. ఇంకేం మర్యాద కావాలె?" అన్నాడు ప్రకాశం. "అలిగిండు. అలుగుడు పెండ్లికొడుకు పని. పెండ్లికొడుకు తండ్రి అలుగుడు ఏ దునియల ఉన్నదే?"

ఇస్సాకు అలిగాడని ప్రకాశం డిపోలో చెప్పాడు, చర్చిలో చెప్పాడు, మాదన్నపేట మార్కెట్లో వంకాయలు తూచే ఆమెకు కూడా చెప్పాడు. క్రిస్మస్‌కు సలోమి అత్తగారింటి నుంచి గిన్నె నిండా మటన్ తెచ్చి "మామ పంపిండు బాపు" అంటే, "సూసినవా, నాకు మర్యాద నేర్పుతుండు" అని పక్కకు నెట్టాడు. కృష్ణమ్మ రెండు పూటలా తింది. పెళ్లిళ్ల కాలంలో ఇస్సాకు బ్యాండు గౌలిపుర మీదుగా పోతే వీళ్ల గల్లీ మూలన ఆగి, వాళ్లిద్దరూ కలిసి వాయించే పాత పాటొకటి ఎత్తుకునేది. క్లారినెట్ ఒక చరణం వాయించి ఆగేది, మళ్లీ అదే చరణం వాయించేది. "చిడాయిస్తుండు, నన్ను ఎక్కిరిస్తుండు" అని ప్రకాశం కిటికీ మూసేవాడు. మూసి, ఆ చెక్కకే చెవి ఆనించి నిలబడేవాడు. ఆ సంగతి కృష్ణమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

నిజం చెప్పాలంటే అతనికి ఇస్సాకు లేక తోచడం లేదు. మాండలిన్ తీస్తే ఒక వరుస వాయించేవాడు, జవాబు కోసం ఆగేవాడు, రాకపోయేసరికి గుడ్డ కప్పి పెట్టేసేవాడు. దోస్తు కావాలి, తను మాత్రం వంగకూడదు. ఈ రెండూ ఒక్కసారే కుదిరే ఉపాయం కోసం ప్రకాశం డిపోలో బస్సుల కింద పడుకుని మరీ ఆలోచించేవాడు.

ఆ ఉపాయం జుమ్మెరాత్ బజార్‌లో దొరికింది. పాత సామాన్లలో వైరు ముక్కల కోసం వెతుకుతుంటే అట్ట లేని క్యాసెట్ ఒకటి చేతికి వచ్చింది. మీద చీటీ అంటించి ఉంది. దాని మీది అక్షరాలు తెలుగు కావు, ఉర్దూ కావు, ఇంగ్లీషు అంతకన్నా కావు. మేకులు వంచి పేర్చినట్టున్నాయి.

"క్యా హై యే?" అన్నాడు.

"ఫారిన్ కా బాజా హై భాయ్, లేలో" అన్నాడు దుకాణదారు, తల ఎత్తకుండా.

ఇంటికొచ్చి, తనే బాగు చేసుకున్న టేపు రికార్డరులో పెట్టాడు. మొదట మాండలిన్ ఒక్కటే వచ్చింది. చిన్న చిన్న దెబ్బలు, టక్ టక్ టక్ అని, ఎక్కడా సాగదీయకుండా. ప్రకాశం నిటారుగా కూర్చున్నాడు. అంతలో క్లారినెట్ వచ్చింది. వస్తూనే ఏడ్చింది. పాట సగంలో గొంతు విరిచి ఎక్కిళ్లు పెట్టింది, పైకి పోయి అక్కడ కాసేపు మూలిగింది, అక్కడి నుంచి జారి కిందికొచ్చి మళ్లీ మొదలుపెట్టింది. కరెంటు వాద్యాలు లేవు, తబలా లేదు, పాడే గొంతు లేదు. తీగా, ఊపిరీ, రెండే. వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడుతోంది. ఆఖర్లో రెండూ కలిసి ఎవరో తరుముతున్నట్టు ఉరికి, ఠక్కున ఆగిపోయాయి.

 ప్రకాశం క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. మళ్లీ తిప్పాడు. కృష్ణమ్మ బియ్యం ఏరుతూ విని, "ఎవరు సచ్చిండ్రట?" అని అడిగింది.

"నువ్వు ఊకో. ఇది మస్తు పెద్ద సంగీతం" అన్నాడు ప్రకాశం. అతని చెవికి అంతా అద్దంలా కనబడిపోయింది. ఆ ఏడ్చే క్లారినెట్ ఇస్సాకు. చేసిన తప్పు తలచుకుని కుమిలిపోతున్నాడు. మాండలిన్ తను. పక్కన కూర్చుని, ఓపికగా, పెద్దమనసుతో ఓదారుస్తున్నాడు. ఇంత చక్కగా తమ కథ తెలిసిన ఆ పరాయి దేశపు వాద్యకారుల మీద అతనికి చెప్పలేనంత గౌరవం కలిగింది.

ఆదివారం ఆరాధన అయిపోయాక క్యాసెట్ తీసుకుని పాస్టరు కైలాసం గారి దగ్గరికి పోయాడు. కైలాసం గారు వేదాంత కళాశాలలో హెబ్రీ అక్షరాలు నేర్చుకున్నారు. అక్షరాల దగ్గరే కోర్సు అయిపోయింది, మాటల దాకా పోలేదు. చీటీ చూడగానే ఆయన కళ్లు మెరిశాయి. "ప్రకాశం, ఇది హెబ్రీ. ఇది ఆలెఫ్, ఇది బేత్" అన్నారు వేలు పెట్టి. ఆలెఫ్, బేత్ అనే మాటలు కీర్తనల గ్రంథంలో ప్రకాశం కూడా చదివినవే.

ఇద్దరూ తలుపు వేసుకుని విన్నారు. క్లారినెట్ ఎక్కిళ్లు పెట్టగానే కైలాసం గారు కళ్లు మూసుకున్నారు. "సందేహం లేదు. విలాపవాక్యములు. యిర్మీయా ప్రవక్త యెరూషలేము కోసం ఏడ్చిన ఏడుపు. ఆ గ్రంథం అక్షరాల వరసలోనే ఉంటది, తెలుసా? ఆలెఫ్‌తో మొదలయితది. ఇగో, ఈడ ఆలెఫ్."

"నేను విన్నప్పుడే అనుకున్న అయ్యగారు" అన్నాడు ప్రకాశం. అనుకోలేదు. కానీ ఆ క్షణం నుంచి అనుకున్నట్టే అనిపించింది.

గుడ్ ఫ్రైడే నాడు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో నాలుగో మాట ప్రసంగానికీ ఐదో మాటకూ మధ్య ఇది వాయించాలని అయ్యగారు తీర్మానించారు. "మరి కిలార్నెట్ ఎవరు?" అన్నారు. ప్రకాశం ఆ ప్రశ్న కోసమే వచ్చాడు. అయినా కాసేపు పైకప్పు చూసి, గడ్డం గోక్కుని, "ఇస్సాకు ఉన్నడు. మీరు పొమ్మంటే పోతా. మీ మాట మీద" అన్నాడు. వంగకుండా వంగే దారి దొరికింది. దేవుడు, ప్రవక్త, పాస్టరు, ముగ్గురూ కలిసి తనను ఫలక్‌నుమాకు పంపిస్తున్నారు. తన ప్రమేయం ఏమీ లేదు.

ఇస్సాకు ఇంట్లో మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుని క్లారినెట్ తుడుచుకుంటున్నాడు. ప్రకాశం వాకిట్లో నిలబడి కూతురిని పిలిచాడు.

"సలోమీ, మీ మామకు చెప్పు బిడ్డా. అయ్యగారు పంపితే వచ్చిన. నా అంతల నేను రాలే."

"మామా, బాపు అంటుండు..."

"వినవడ్డది బిడ్డా. ఏం పని మీద వచ్చిండో అడుగు. కూసొమ్మను. చాయ్ తాగుతడా అడుగు."

"తాగనని చెప్పు" అన్నాడు ప్రకాశం. చాయ్ కోసం ప్రాణం లాగుతోంది. "జర ఈ క్యాసెట్ వినమను."

విన్నారు. క్లారినెట్ మొదలయ్యేసరికి ఇస్సాకు తుడవడం ఆపాడు. రెండోసారి పెట్టేసరికి వేళ్లు కదిలించాడు. మూడోసారికి ఊదాడు. ఎక్కిళ్ల దగ్గర తడబడి, తిట్టుకుని, మళ్లీ పట్టుకున్నాడు.

"సలోమీ, ఆ జాగల మెల్లగ పొమ్మను" అన్నాడు ప్రకాశం మాండలిన్ శ్రుతి చేస్తూ.

"బాపు తీగలు జర బిగియ్యాలె అని చెప్పు బిడ్డా" అన్నాడు ఇస్సాకు.

సలోమి ఇద్దరినీ చూసింది. "నా కూర మాడుతుంది. మీ లొల్లి మీరు పడుర్రి" అని వంటింట్లోకి పోయింది. మధ్యవర్తి లేకపోయేసరికి ఇద్దరికీ మాట్లాడే దారి మూసుకుపోయింది. చేసేది లేక వాయించారు. ఏడాది తర్వాత మాండలిన్‌కు జవాబు వచ్చింది. ప్రకాశం కళ్లు తడిశాయి, అద్దాలు తీసి తుడుచుకుని, పొగ అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

పోయేముందు ఇస్సాకు గడప దాకా వచ్చి నిలబడ్డాడు. ఏదో అనబోతున్నట్టు నోరు తెరిచాడు. 'కరిగిండు, ఇగ బతిమాలుతడు' అనుకున్నాడు ప్రకాశం. బతిమాలేవాడికి పని సులువు చేయడం ఎందుకని, మాండలిన్ చంకన పెట్టుకుని వెనక్కి చూడకుండా వచ్చేశాడు. గల్లీ మలుపు తిరిగాక తన మీద తనకే కోపం వచ్చింది. అయినా వెనక్కి పోలేదు.

గుడ్ ఫ్రైడే నాడు చర్చి కిటకిటలాడింది. అంతా తెల్లబట్టలు, అంతా ఉపవాసం. ముందు వరసలో మిషన్ ఆస్పత్రి పాత నర్సు ఎలెన్ దొరసాని కూర్చుంది. అమెరికా నుంచి పడుచుతనంలో వచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయిన ముసలావిడ. తెలుగు బైబిల్ చదివే నేర్చుకుంది కాబట్టి కూరగాయల బేరం కూడా ప్రవక్తల భాషలోనే ఆడేది.

నాలుగో మాట అయిపోయింది. "ఇప్పుడు యిర్మీయా విలాపం, హెబ్రీయుల అసలు బాణీలో" అని కైలాసం గారు ప్రకటించారు. ప్రకాశం టక్ టక్ టక్ అని అందుకున్నాడు. క్లారినెట్ ఏడ్చింది. చర్చి కూడా ఏడ్చింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ప్రకాశం ఓరగా చూస్తే దొరసాని భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇంత పెద్దావిడను ఇంతగా ఏడిపించిన వాద్యం తనదని అతని ఛాతీ ఉప్పొంగింది.

ఆఖరి ఉరుకుడు వచ్చేసరికి తేడా కొట్టింది. వెనక బెంచీల్లో కాళ్లు తాళం వేశాయి. ఎవరో చిటిక కూడా వేశారు, వేసి, భయపడి చేతులు కట్టుకున్నారు. కైలాసం గారి మొహంలో రంగు మారింది. యెరూషలేము కూలిపోతుంటే కాళ్లెందుకు ఆడుతున్నాయో ఆయనకు బోధపడలేదు. వాద్యం ఆగింది. ఆ నిశ్శబ్దంలో దొరసాని భుజాల సంగతి అందరికీ తెలిసిపోయింది. ఆవిడ ఏడవడం లేదు. నవ్వు ఆపుకోలేక చేతిరుమాలు కొరుక్కుంటోంది.

ఆరాధన ముగిసే దాకా అందరూ బిగబట్టుకున్నారు. ముగియగానే కైలాసం గారు ఆవిడ దగ్గరికి పరుగున పోయారు. జనం చుట్టూ మూగారు. వాద్యాలు సర్దుకుంటున్న ఇద్దరూ తలలెత్తారు.

"అయ్యగారూ, నన్ను క్షమించుడి" అంది దొరసాని కళ్లు తుడుచుకుంటూ. "ఇది విలాపము కాదు. ఇది పెండ్లి పాట. నేను చిన్నదానినై యుండగా మా వీధిలో యూదుల యిండ్లు అనేకములు. వారి పెండ్లిలో వియ్యపురాండ్రు యిద్దరు దీనికి నాట్యమాడుదురు. ఒకతె అలిగి మోము త్రిప్పుకొనును. మరియొకతె ఆమెను బతిమాలును. తుదకు కౌగిలించుకొందురు. జనులందరు నవ్వుదురు."

ఎవరో కిసుక్కుమన్నారు. వియ్యపురాళ్ల అలక పాటను వాయించింది ఎవరో చర్చి అంతటికీ తెలుసు. పెళ్లిళ్లలోనే జుట్టు నెరిసిన బ్యాండుమనిషి పెళ్లి పాటను గుర్తుపట్టలేకపోయాడని కూడా తెలిసింది. ప్రకాశానికి చెవులు కాలాయి. అయినా పోయిన పరువులో కొంతైనా దక్కించుకుందామని ముందుకొచ్చాడు. ఇస్సాకు అలిగాడని ఏడాదిగా చెబుతున్నాడు, ఇప్పుడు దొరసాని నోటితో కూడా ఆ మాట వస్తే బాగుంటుంది.

"అమ్మగారూ, అలిగింది ఆ ఏడ్సేటి కిలార్నెట్టే గదా?"

"కాదు నాయనా" అంది దొరసాని. "క్లారినెట్ బతిమాలుచున్నది. ఎంత దీనముగా పిలుచుచున్నదో వినలేదా? అలిగినది నీ చేతిలోనిది. మడమతో నేలను తన్నుచున్నది, టక్కు టక్కు అని. అది ఎంత పిలిచినను ఇది తిరిగి చూడదు."

కృష్ణమ్మ పైకే నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ప్రకాశం నవ్వబోయాడు గానీ మొహం సహకరించలేదు. గల్లీ మూలన ఒకే చరణాన్ని మళ్లీ మళ్లీ వాయించిన మనిషి, క్రిస్మస్ కూర పంపిన మనిషి, గడప దాకా వచ్చి నోరు తెరిచిన మనిషి ఒక్కడే. ఏడాది పొడుగునా తనను బతిమాలుతూ ఉన్నాడు. కిటికీ మూసింది ఎవరు? కోటు వేసుకుని నిలబడ్డవాడిని ఆపి, ఏడాది పాటు అతనే అలిగాడని ఊరంతా చాటింది ఎవరు? ఇంత గొప్ప చెవికి ఇంత చిన్న సంగతి వినబడలేదు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

ఇస్సాకు బెంచీ మీద కూర్చుని క్లారినెట్ ముక్కలు విడదీసి పెట్టెలో పెడుతున్నాడు. తల ఎత్తలేదు. ప్రకాశం పోయి అతని ముందు నిలబడ్డాడు. తప్పయింది అనాలి. ఆ మాట ఎక్కడా దొరకలేదు. ఎప్పుడో పలకాల్సిన వేరే మాట నోట్లోకి వచ్చింది. చేయి చాపాడు.

"బావగారూ, లెవ్వుండ్రి. అన్నం తిందాం రాండ్రి. మొదటి పంక్తి."

చర్చి ఒక్క క్షణం ఆగి, గొల్లున నవ్వింది. గుడ్ ఫ్రైడే నాడు, ఊరంతా ఉపవాసం ఉండగా, చర్చి మధ్యలో నిలబడి అన్నానికి పిలిచేవాడు భూమ్మీద ఇతనొక్కడే. "పొయ్యి కూడ అంటియ్యలేదు" అంది కృష్ణమ్మ. కైలాసం గారు నుదురు పట్టుకుని కూర్చున్నారు.

ఇస్సాకు నవ్వలేదు. చాపిన ఆ చేతిని పట్టుకుని, దాని వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఇయ్యాల ఉపాసం గదరా" అన్నాడు మెల్లగా.

"యాది లేదు" అన్నాడు ప్రకాశం. "పొద్దు గూకినంక తిందాం. అప్పుడు మళ్ల వచ్చి పిలుస్త."

"వద్దు" అన్నాడు ఇస్సాకు. చేయి వదలలేదు. "నేను పొద్దు గూకేదాంక ఈడనే కూసుంట. ఇప్పుడు లేసి పోతే నువ్వు మళ్ల పిలుస్తవో పిలువవో."

 ప్రకాశం మాండలిన్ పక్కన పెట్టి అదే బెంచీ మీద కూర్చున్నాడు.